టేబుల్ కింద లింబాద్రి సార్

నా పెళ్ళి నాడు గూడ గంత మంది నా దిక్కు గట్ల చూడలే. ఫంక్షన్ హాల్ నిండ జనం. అందరి నోర్లు తెరిచే ఉన్నయి. మెచ్చుకొని నోరు తెరిచిన్రు అనుకుంటున్నరా? అయ్యో, నాకు గంత అదృష్టమే ఉంటే గీ ముచ్చట మీకెందుకు చెప్త? ఫోటో కట్టించి గోడకు తగిలేసుకొని గప్‌చుప్‌గ కూసుందును.

ఇనుండ్రి. నవ్వొస్తే నవ్వుండ్రి, నేనేం అనుకోను. గని "పిల్లకు శ్రద్ధ లేదు" అని మాత్రం అనకుండ్రి. శ్రద్ధ ఉన్నందుకే గింత సత్తెనాశనం అయ్యింది. నా జాగల ఇంకొకరుంటే రెండు దినాలు చూసి, "పోనీ తియ్" అని ఇడిచిపెట్టేటోళ్ళు. ఇడిచిపెడితే ఏ లొల్లీ లేకపోవు. నేను ఇడిచిపెట్టలే.

తొంభైల ఆఖరు. ఆర్మూర్ల కంప్యూటర్ అంటే చెప్పులు ఇడిచి లోపలికి పోయే కాలం. బజార్ల ఒక పసుపు గోదాం మీద, పై అంతస్తుల లింబాద్రి సార్ కంప్యూటర్ సెంటర్ పెట్టిండు. డిగ్రీ అయినంక నేను గక్కడ్నే ఇన్‌స్ట్రక్టర్‌గ చేరిన. కిందికెళ్ళి పసుపు ఘాటు మెట్లెక్కి మా గదిలకు వచ్చేది. సీజన్ల కంప్యూటర్లు తుడిస్తే గుడ్డ పచ్చగయ్యేది. నేర్చుకునేతందుకు వచ్చేటోళ్ళు తక్కువ, తలుపుల నిలవడి చూసి పోయేటోళ్ళు ఎక్కువ. పాపం, కొందరు కంప్యూటర్‌కు దండం పెట్టి పోయేటోళ్ళు.

లింబాద్రి సార్‌ది వేల్పూర్. పసుపు చేను తమ్మునికి అప్పజెప్పి, హైదరాబాద్ల కోర్సు చేసి, ఊరికి కంప్యూటర్ నేర్పుత అని వచ్చిండు. ఎత్తు తక్కువ, ఆశ ఎక్కువ. మనిషి మంచోడు. ఒకనాడు చాయ్ తాగుకుంట అన్నడు:

"సునీతా, గీ యాడాది అడ్మిషన్లు కాకపోతే సెంటర్‌కు తాళమేసి వేల్పూర్ పోతనమ్మా. పసుపు తవ్వేతందుకు మా తమ్ముడు నా కోసం గడ్డపార తయారుగ పెట్టుకున్నడు."

ఆయనకు గడ్డపార తయారుగ ఉంటే, నాకు ఇంట్ల చాట తయారుగ ఉన్నది. మా అమ్మ బీడీలు చుడుతది. తునికాకు కత్తిరించుడు, తంబాకు పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. గా స్పీడ్‌కు ఆమె వేళ్ళు కండ్లకు కానరావు. ఆ చేతులతోని నన్ను డిగ్రీ దాంక చదివించింది. సెంటర్ మూసి నేను మళ్ళ ఆమె పక్కన చాట ముంగటేసుకొని కూసుంటే, ఆమె ఏమనదు. ఏమననందుకే నాకు భయం. అందుకే గా సెంటర్ బతకాలని నాకు సార్ కన్న ఎక్కువ ఉండె.

గప్పుడే మా గంగాధర్ మామ దుబాయ్ నుంచి ఛుట్టీ మీద వచ్చిండు. మామ అంటే అమ్మ తమ్ముడు. ఎడారికి పోకముందు భజనలల్ల హార్మోనియం వాయించేటోడు, నాకూ నేర్పిండు. భజన ఊపు మీదికి వచ్చినప్పుడు చరణానికీ చరణానికీ నడుమ మామ ఒక గత్తు వాయించేటోడు. గాలి గుంజుకునే సందు గూడ ఉండదు దాంట్ల, గంత స్పీడు. మేం దాన్ని "ఉరుకుడు గత్తు" అనేటోళ్ళం. నా వేళ్ళ మీద గది ఉన్నదని తెలిసి మామ నాకోసం ఒక పియానో కీబోర్డు తెచ్చిండు. ఇచ్చి, ఛుట్టీ అయిపోంగనే మళ్ళ ఇమానం ఎక్కిండు.

గా కీబోర్డు దానంతట అది మోగదు. వైరుతోని కంప్యూటర్‌కు తగిలిస్తే, కంప్యూటర్ల వేసుకున్న సాఫ్ట్‌వేర్ పియానో సప్పుడు చేస్తది. దానెంబడి కాలితోని తొక్కే పెడల్ గూడ వచ్చింది. గది తొక్కిపడితే, వేలు తీసినంక గూడ సప్పుడు ఆగకుండ సాగుతది. హార్మోనియం వాయించేటోళ్ళకు గదెందుకు? నేను దాన్ని టేబుల్ కిందికి తోసిన. కానీ దాని వైరు మాత్రం తగిలించిన. ఇచ్చిన వైర్లన్నీ ఇచ్చిన కంతలల్ల పెట్టాలె కదా మరి!

గా పియానో చూసి లింబాద్రి సార్ కండ్లు మెరిసినయి.

"సునీతా, బస్టాండ్ కాడ ఇంకో సెంటర్ తెరుస్తున్నరు. వాళ్ళు ఏసీ పెడ్తరంట. మనం పియానో పెడుదాం!"

"సార్, ఏసీకి పియానో ఎట్ల జవాబైతది?"

"ఏసీ సల్లగ ఉంటది, అంతే. సప్పుడు చేస్తదా? కొత్త బ్యాచ్ ఓపెనింగు ఫంక్షన్ హాల్ల పెడుదాం. విఠల్ సేట్‌ను పిలుస్త. నువ్వు గా ఉరుకుడు గత్తు వాయించు. ఊరంత మన మెట్ల మీద ఉంటది."

విఠల్ సేట్ అంటే పసుపు కమీషన్ వ్యాపారి. మా కింది గోదాం ఆయనదే. ఆయన తల ఊపితే బజారంత తల ఊపుతది. నేను "సరే సార్" అన్న. అనేసినంక ఉరుకుడు గత్తు వాయించి చూపిద్దామని పియానో ముంగట కూసున్న.

"వాయించు," అన్నడు సార్.

"వాయించిన సార్."

"ఏది?"

"గిప్పుడొస్తది."

వచ్చింది. నేను వేళ్ళు ఒడిల పెట్టుకున్నంక వచ్చింది. నిజామాబాద్‌ల పియానో మెట్టు నొక్కితే ఆర్మూర్‌ల సప్పుడైనట్టు, గంత ఆలస్యం. వచ్చింది గూడ తిన్నగ వచ్చిందా? పెండ్లి బంతిల పప్పు, పులుసు, పెరుగు, పాయసం ఒక్కటే ఇస్తరాకుల ఒక్కసారి ఒలికిపోయినట్టు, స్వరాలన్నీ ఒకదాంట్ల ఒకటి కలిసి గొయ్యిమని మోగుతున్నయి.

సార్ చానసేపు ఇని, మెల్లగ అడిగిండు: "గత్తు గిట్లనే ఉంటదా?"

"గిట్ల ఉండదు సార్. సాఫ్ట్‌వేర్ల సెట్టింగు మంచిగ లేదు. నేను చేస్త."

గీ "నేను చేస్త" అనే మాట నా నోట్లకెళ్ళి ఎప్పుడొచ్చినా ఇంట్లోళ్ళు దూరం జరుగుతరు. సార్‌కు గా సంగతి ఇంకా తెల్వదు.

మరునాటి నుంచి పొద్దుగాల్నే, కరెంటు పోకముందే పోయి కూసునుడు మొదలుపెట్టిన. సాఫ్ట్‌వేర్ల గీతలు ఉంటయి, పైకి కిందికి జరపొచ్చు. ఒక్కొక్క గీతకు ఒక్కొక్క పని. వాటి ఇంగ్లీషు చదివి, అర్థం కాకపోతే మళ్ళ చదివి, అయినా అర్థం కాకపోతే జరిపి చూసిన. నేను ముందు పట్టింది ఆలస్యం సంగతి. దాని గీత పేరు బఫర్.

"బఫర్ అంటే బఫే లెక్కనా?" అన్నడు సార్.

"గట్లనే అనుకోండ్రి. సప్పుడును ఒక గిన్నెల నింపి వడ్డిస్తది. గిన్నె పెద్దగుంటే నిండేదాంక మనం ఆగాలె. చిన్నగ చేస్తే జల్ది జల్ది వడ్డిస్తది."

"మరింకేంది? చెంచాడు చెయ్యి!"

చెంచాడు చేసిన. స్పీకర్లకెళ్ళి చిటపట చిటపట మని, కాగిన నూనెల పోపు వేసినట్టు సప్పుడు. లింబాద్రి సార్ ముక్కు ఎగబీల్చి, "సునీతా, ఏదో కాలుతుంది!" అని ఉరికిపోయి మెయిన్ స్విచ్చి ఆపిండు. గా ఆపుడుకు పక్క టేబుల్ మీద ఒకాయన పొద్దటి నుంచి ఒక్కొక్క అక్షరం ఏరి ఏరి కొట్టిన దరఖాస్తు ఎగిరిపోయింది. ఆయన మళ్ళ మా సెంటర్ మెట్లెక్కలే. అడ్మిషన్లు పెంచుదామని కూసుంటే, ఉన్నది ఒకటి పోయింది.

నేను తగ్గిన్నా? తగ్గలే. చెంచా కాక గంటెడు చేసిన. పోపు ఆగింది. ఇగ రెండో గీత, టచ్. వేలు ఎంత గట్టిగ పడితే ఎంత సప్పుడు రావాలన్న లెక్క. స్పీడ్‌గ వాయించేటప్పుడు వేళ్ళు తేలికగ పడ్తయి, పాత సప్పుళ్ళ కింద కొత్తయి మునుగుతున్నయి. అందుకని గీత పైకి నూకిన. వేలు సోకితే చాలు, సంత నడుమ పిలిచినంత సప్పుడు రావాలె. వచ్చింది. కొత్త స్వరం పాత లొల్లి మీదికెక్కి జరంత ఇనవడ్డది.

మూడో గీత పేరు రిలీజ్. వేలు తీసినంక సప్పుడు ఎంతసేపు నిలవాలె అన్నది దీని చేతుల ఉంటది. స్వరాలు కలిసిపోతున్నయంటే తప్పు గిక్కడ్నే ఉన్నదని నాకు గట్టి నమ్మకం. తగ్గించిన. ఏం మారలే. ఇంకింత తగ్గించిన. ఏం మారలే. తెలివి ఉన్నోళ్ళు అయితే గప్పుడు ఆగి, "ఎందుకు మారుతలేదు?" అని ఆలోచిస్తరు. నేను పళ్ళు కొరుకుతూ గా గీతను అడుగుకు గుంజిన. ఇంకా కిందికి జాగ ఉంటే గోదాంల దాంక గుంజేదాన్ని.

ఇంట్ల బువ్వ తినుకుంట గూడ నా వేళ్ళు కంచం అంచు మీద గత్తు వాయిస్తున్నయి. అమ్మ చూసి చూసి అన్నది:

"ఏమే, గా డబ్బా నీ మాట ఇంటలేదంటే మామకు వాపస్ పంపరాదు?"

"ఇంటది అమ్మా. ఇనేటట్టు చేస్త."

"చేసి?"

"స్పీడ్‌గ వాయిస్త. ఒక్కొక్క సప్పుడు ఇడి ఇడిగ ఇనవడాలె."

"స్పీడ్‌గ చేసుడు గొప్ప కాదు బిడ్డా. నేను ఎంత స్పీడ్‌గ చుట్టినా, బీడీ గట్టిగ లేకపోతే కార్ఖానోడు నా ముంగటనే ఇరిచి పడేస్తడు," అని తన చాట దిక్కు తిరిగింది.

గా మాట నన్ను ఇంకింత పట్టుకున్నది. చివరికి, గిన్నె గంటెడు, టచ్ నెత్తి మీద, రిలీజ్ పాతాళంల పెట్టినంక, ఉరుకుడు గత్తు ఏదో ఉరికినట్టే ఇనవడ్డది. కుంటుకుంట ఉరికినా ఉరుకుడే కదా! సార్ చప్పట్లు కొట్టిండు. నేను గీతలన్నీ అట్లనే సేవ్ చేసిన.

ఓపెనింగు రోజు రానే వచ్చింది. కంప్యూటర్ను, పియానోను, వైర్లను, పెడల్‌ను ఆటోల పెట్టుకొని హాల్‌కు పోయినం. కరెంటు పోతే పియానో కంప్యూటర్ ఆగకుండ కాపాడే బ్యాటరీ డబ్బా, గదే యూపీఎస్, బండరాయి లెక్క బరువు. హాల్ల జనరేటర్ ఉన్నదని దాన్ని సెంటర్లనే ఉంచినం.

అమ్మ నాకు పట్టుచీర కట్టింది, మోచేతి దాంక గాజులు తొడిగింది.

"అమ్మా, గాజులు మెట్లకు తగుల్తయే."

"గంత మంది ముంగట బోసి చేతులతోని కూసుంటవా? నా పరువు పోవాల్నా?"

పరువు ఎట్ల పోతదో ఆమెకు గప్పుడు తెల్వదు.

హాలోళ్ళు నా కోసం పెండ్లికొడుకు కూసునే కుర్చీ వేసిన్రు. రెండు దిక్కుల సింహం తలకాయలు, మస్తు ఎత్తు. ఎక్కి కూసుంటే నా కాళ్ళు నేలకు అందుతలేవు, సంతల అమ్మకానికి పెట్టిన బొమ్మ లెక్క ఊగుతున్నయి. టేబుల్‌కు నేల దాంక జరీ బట్ట కప్పిన్రు. టేబుల్ మీది కంప్యూటర్ స్పీకర్ల ముంగట మైకు పెట్టిన్రు. సార్ కోటు వేసుకొని, టై కట్టుకొని, చెమటల తడుసుకుంట మాట్లాడిండు. "ఇయ్యాల మీరు చూడబోయేది ఆర్మూర్ ఎన్నడూ చూడలేదు!" అన్నడు. గా ఒక్క మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజమయ్యింది.

ముందు పూజ. విఠల్ సేట్ దీపం వెలిగించి, పియానోకు పసుపు పెట్టి, కుంకుమ బొట్టు పెడుదామని ఒక తెల్లమెట్టు మీద వేలు ఆనిచ్చిండు. నేను టచ్ నెత్తి మీద పెట్టిన కదా! ఢాం అన్నది పియానో. హాల్ గోడలు అదిరినయి. సేట్ ఎనకకు ఎగిరి లింబాద్రి సార్ కాలు తొక్కిండు.

"ఏందయ్యా ఇది, షాక్ కొడుతదా?"

"లేదు లేదు సేట్!" అన్నడు సార్, కాలు పట్టుకొని. "మీకు నమస్తే పెట్టింది."

జనం నవ్విన్రు. సేట్ గూడ నవ్వి కూసున్నడు. ఇగ నా వంతు. మామను తలుచుకున్న. ముందు వరుసల కూసున్న అమ్మను చూసిన. వేళ్ళు మెట్ల మీద పెట్టి ఉరుకుడు గత్తు ఎత్తుకున్న.

టక్.

టక్ టక్. టకటక టకటక.

పియానో ఏది? స్వరమేది? ఎండిన పసుపు కొమ్ములను పాలిష్ డ్రమ్ముల వేసి తిప్పినట్టు టకటక తప్ప ఏం లేదు. నడుమ నడుమ గాజులు మెట్ల మీద ఆని ఢాం, ఢాం. హాల్ల జనం నోర్లు తెరిచింది గిప్పుడే. తర్వాత ఒక్కొక్కరికి మాటలు వచ్చినయి.

"పియానో అన్నరు, టైపు కొడుతుందేందిరా?"

"ఆగురా, కంప్యూటర్ స్టార్ట్ అయితుంది. మస్తు టైం పడ్తదంట."

సేట్ పక్కకు వంగి అడిగిండు: "లింబాద్రీ, పిల్ల ఏం వాయిస్తుంది?"

"మాడర్న్, సేట్," అన్నడు సార్, టై వదులు చేసుకుంట.

నేనేం చేయాలె? లేచి దండం పెట్టి, "మిషన్ ఖరాబయ్యింది" అంటే అయిపోవు. మంచి జనం, మన్నించేటోళ్ళు. కానీ నాకు చాట కండ్ల ముంగట కనవడుతుంది, గడ్డపార కనవడుతుంది. "స్పీడ్ పెంచితే సప్పుళ్ళు కలుస్తయి" అని తోచింది. పెంచిన. టకటకలు రేకుల మీద వడగండ్లు పడ్డట్టు పడ్డయి. ముందు వరుసల ఒక ముసలాయన చెవులల్ల వేళ్ళు పెట్టుకున్నడు.

గా ఊపుల పట్టుచీర మీద జారి కుర్చీ అంచుకు వచ్చిన. కాలు బొటనవేలు కింద దేనికో తగిలింది. గప్పుడు ఒక్క స్వరం, ఒకే ఒక్కటి, గుళ్ళె గంట లెక్క నిండుగ మోగి సాగింది. కాలు తీసిన. టక్. మళ్ళ ఆనిచ్చిన. గంట.

పెడల్!

నెత్తి మీద నీళ్ళు పోసినట్టు అన్నీ ఒక్కసారి సమఝైనయి. సెంటర్ల టేబుల్ కింద కాళ్ళకు అడ్డం వస్తుందని యూపీఎస్‌ను లోపలికి నూకింది ఎవరు? నేనే. గా బండరాయి ఎక్కి కూసున్నది దేని మీద? పెడల్ మీద. అంటే మొదటి రోజు నుంచి పెడల్ తొక్కే ఉన్నది. స్వరాలు కలిసిపోయింది అందుకే. పాత సప్పుళ్ళన్నీ మోసుకుంట కొత్త సప్పుడు తేవాల్నంటే పాపం కంప్యూటర్ అలసిపోయింది, ఆలస్యం అయ్యింది గూడ అందుకే. రిలీజ్ గీత ఎంత గుంజినా మారకపోయింది అందుకే. గిక్కడ పెడల్ మీద బరువు లేదు, రిలీజ్ పాతాళంల ఉన్నది, అందుకే వేలు తీయంగనే సప్పుడు తెగి టక్ అంటుంది. సాఫ్ట్‌వేర్‌ల ఏ రోగమూ లేదు. లేని రోగానికి నేను వారాల కొద్దీ మందు పోసి పోసి, దాన్ని గీ గతికి తెచ్చిన.

దిగి, చిన్న కుర్చీ వేసుకొని, కాలు అందించుకుంటే సరిపోవు కదా అంటరా? మీరు నిమ్మళంగ కూసున్నరు కాబట్టి మీకు తోస్తుంది. నాకు తోచింది వేరే. అప్పుడే సార్ స్టేజీ ఎక్కి నా చెవిల, "ఏమైందమ్మా?" అన్నడు.

"సార్, టేబుల్ కింద పెడల్ ఉన్నది. నాకు అందుతలేదు. మీరు కిందికి పోయి నొక్కుండ్రి."

సార్ జనం దిక్కు చూసిండు. సేట్ దిక్కు చూసిండు. తన కోటు దిక్కు చూసుకున్నడు. మంచోడని ముందే చెప్పిన కదా. జరీ బట్ట ఎత్తి లోపలికి దూరిండు.

"తొక్కుండ్రి సార్!"

"తొక్కిన!"

గొయ్యి! మళ్ళ పప్పు, పులుసు, పెరుగు, పాయసం.

"వదలుండ్రి!"

"వదిలిన!"

టకటక టకటక.

"గట్ల కాదు సార్! గత్తు మలుపు కాడ మలిగినప్పుడు వదిలి, మళ్ళ తొక్కాలె!"

"గత్తు ఎక్కడ మలుగుతదో నాకేం ఎరుకమ్మా? గిక్కడ చీకటిగున్నది!"

మేం మెల్లగనే మాట్లాడుకున్నం. కానీ మైకు మా ముంగటనే ఉన్నది. తొక్కుండ్రి, వదలుండ్రి, చీకటిగున్నది, అన్నీ హాలంత పెద్ద గొంతుతోని ఇనవడ్డయి. ఎనక వరుసలకెళ్ళి ఒకడు లేచి అరిచిండు:

"లోపల మనిషి ఉన్నడు! కంప్యూటర్ లేదు, ఏం లేదు! మనిషిని పెట్టి వాయిపిస్తున్నరు!"

"నేను ముందే అనుకున్న," అన్నడు ఇంకొకడు. "మిషన్‌కు పాటలు ఎట్ల వస్తయి?"

ఇగ హాల్ల ఈలలు, నవ్వులు. సేట్ కండువా నోటికి అడ్డం పెట్టుకున్నడు, భుజాలు అదురుతున్నయి. సరిగ్గ గప్పుడే వంట దిక్కు నుంచి, "భోజనాలు తయారైనయి!" అన్న కేక ఇనవడ్డది. గంత మంది గంత జల్ది ఒక్క తలుపుల పట్టుడు నేనెన్నడూ చూడలే. చూస్తుండంగనే హాల్ ఖాళీ.

ఖాళీ కుర్చీలు, స్టేజీ మీద నేను, ముందు వరుసల అమ్మ, టేబుల్ కింద సార్. ఊరు పోయింది, అడ్మిషన్లు పోయినయి, సరే. కానీ గా గత్తు మాత్రం నన్ను గెలవద్దు. సింహాసనం దిగి దాన్ని అవుతలికి నూకిన. గాజులు తీసి సింహం తలకాయలకు తొడిగిన. పెడల్ వైరు గుంజి పడేసిన. నేను జరిపిన గీతలన్నీ చెరిపి, సాఫ్ట్‌వేర్ మొదాలు ఎట్ల ఉండెనో గట్ల పెట్టిన. దానికి ఒక్కటే బటన్. ఒక్కసారి నొక్కితే అయిపోయింది. వారాల కష్టం ఒక్క టిక్కుల పోయింది.

నిలవడే వాయించిన.

ఏం చెప్పాలె మీకు! వేలు పడ్డకాడ సప్పుడు, తీసినకాడ ఆగుడు. ఎంత స్పీడ్ పెంచితే గంత స్పీడ్ నా ఎంబడి వచ్చింది. ఒక్కొక్క స్వరం ఇడి ఇడిగ, పొద్దుగాల ఆకు మీది మంచుబొట్లు ఒకదానెనక ఒకటి జారినట్టు. ఉరుకుడు గత్తు నిజంగ ఉరికింది. చివరిదాంక ఒక్కకాడ గూడ తడబడకుంట వాయించి ఆపిన.

అమ్మ చేతులు ఒడిల ఊరికెనే ఉన్నయి. గా చేతులు ఊరికెనే ఉండంగ నేను ఎప్పుడోగాని చూడలే. కండ్లు తుడుచుకొని అన్నది:

"ఇది మా తమ్ముని గత్తు కదనే?"

"అవునమ్మా."

"గింత మంచిగుంటది గీ డబ్బా? మరి ఇందాక ఏమయ్యింది దానికి?"

నేను జవాబు చెప్పకముందే జరీ బట్ట కదిలింది.

"సునీతా, గిది మస్తున్నదమ్మా," అన్నది కింది గొంతు. "అందరు పోయిన్రా? ఇగ నేను బయటికి రావచ్చా?"

మరునాడు నేను సార్‌కు చెప్పి పని మానేద్దామని బయలెల్లిన. ఆయన పరువు తీసిన దాన్ని, ఏ మొఖం పెట్టుకొని గా కుర్చీల కూసుంట? సెంటర్ కాడికి పోయేసరికి మెట్ల నిండ మనుషులు. నిన్నటి దానికి లొల్లి పెట్టుకునేతందుకు వచ్చిన్రు అనుకున్న. ఎట్లనో సందు చేసుకొని పైకి పోయిన. లోపల విఠల్ సేట్ కుర్చీల కూసున్నడు, పక్కన ఆయన కోడలు, టేబుల్‌కు అవుతల లింబాద్రి సార్.

"రా బిడ్డా, నీ కోసమే కూసున్న," అన్నడు సేట్. "నిన్న నీ వేళ్ళు చూసిన. ఆర్మూర్ల గంత స్పీడ్‌గ టైపు కొట్టేటోళ్ళు ఉన్నరని నాకు తెల్వదు. టకటక, టకటక, అబ్బో! మా కోడలుకు గట్ల నేర్పుతవా? బయట ఉన్నోళ్ళంత గూడ గా టైపు కోసమే వచ్చిన్రు."

నా నోరు తెరుచుకున్నది. "సేట్, గది టైపు కాదు. గది పియానో..."

సార్ టేబుల్ కిందికెళ్ళి నా కాలు తొక్కిండు. గీసారి గత్తు ఎక్కడ మలుగుతదో ఆయనకు మంచిగ ఎరుకైంది.

"పియానో టైపు సేట్!" అన్నడు. "కొత్తగ వచ్చింది. మా కాడనే నేర్పుతం."

సెంటర్‌కు తాళం పడలే. సార్ వేల్పూర్ పోలే. నేను చాట ముంగట కూసోలే. బోర్డు మీద ఎర్రటి అక్షరాలతోని "పియానో స్పీడ్ టైపింగ్" అని రాపిచ్చిండు. ఏండ్ల తరబడి నేను ఆర్మూర్‌కు టైపు నేర్పిన. పియానో నేర్పుమని మాత్రం ఒక్క మనిషి గూడ అడగలే.

ఇగ మీ అందరి ముంగట, ఒళ్ళంత శ్రద్ధగ, కుడిచెయ్యి పైకెత్తి ఒట్టు పెడుతున్న: నా పానం ఉన్నన్ని రోజులు, ఏ మిషన్‌ల ఏ గీతను జరిపే ముందైనా, కట్టింది పట్టుచీరైనా సరే, నేల మీద బోర్ల పండి టేబుల్ కింద చూసినంకనే ముట్టుకుంట. అక్కడ లింబాద్రి సార్ కనవడితే, ముందు ఆయనను బయటికి పిలిచి భోజనం పెట్టించినంకనే.